గడ్డి కోత యంత్రపు ఇంజను – సంరక్షణ, లోపశోధన
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాల పండుగలో గురుస్మరణ, సరస్వతీ స్తుతి సముచితం. అటువంటి వేదికపై గడ్డి కోసే యంత్రం గురించి ప్రసంగమేమిటన్న సందేహం కొందరికైనా కలగవచ్చు. అయితే అగ్రహారమన్న మాటకు పండితుల పోషణకై ఇచ్చిన గ్రామమని అర్థం. విద్యకై ఏర్పడిన పేరుగల ఊరిలో చేతి విద్యకు కూడా ఒక పీట వేయడం తప్పు కాదు. పైగా ఈ ఇంజనులో భౌతికశాస్త్రమూ ఉంది, రసాయనశాస్త్రమూ ఉంది, గణితమూ ఉంది. తొమ్మిది, పది తరగతుల పాఠాలు దాని చుట్టూ తిరుగుతూనే ఉంటాయి.

యానాం గౌతమీ గోదావరి ఒడ్డున, కోరంగి పాయ విడివడే చోట ఉన్నది. ఒండ్రు నేల, తేమగల గాలి, జూన్ మొదలు నవంబరు దాకా వానలు. ఇక్కడ గడ్డి పెరగడానికి ఎవరి సహాయమూ అక్కరలేదు. పూర్వం కొడవలి, పశువుల నోరు ఆ పని చూసేవి. నేడు ఆటస్థలాలలో చక్రాల కోత యంత్రం, కొబ్బరి తోటలలో భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్, వరిచేలలో పవర్ స్ప్రేయర్, పెళ్ళి పందిళ్ళలో చిన్న జనరేటర్ కనబడుతున్నాయి. పేర్లు వేరైనా వీటిలో తరచుగా ఉండేది ఒక్క సిలిండరు గల చిన్న పెట్రోలు ఇంజనే. ఒకదానిని అర్థం చేసుకున్నవారికి మిగిలినవి సగం అర్థమైనట్లే.

గడ్డి కోత యంత్రాన్ని 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతంలో ఎడ్విన్ బడ్డింగ్ అనే వ్యక్తి రూపొందించాడు. ఉన్నిబట్టపై లేచిన నూగును కత్తిరించే మిల్లు యంత్రమే అతనికి ఆధారం. దానికి ఇంజను లేదు, మనిషి తోయవలసిందే. నాలుగు దశల ఇంజను సూత్రాన్ని 1862లో ఫ్రెంచి ఇంజనీరు అల్ఫోన్స్ బో ద రోషా వివరించాడు. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో దానిని విజయవంతంగా నడిపి చూపాడు. ఫ్రెంచివారు రాసిన ఆ సూత్రానికి సరిగ్గా నూరేళ్ళ తరువాత, 1962 ఆగస్టు 16న, ఫ్రెంచి పాలన నుండి యానాం విలీనం చట్టబద్ధమైంది. ఇది కాకతాళీయమే అయినా, పిల్లలు ఆ సంవత్సరాన్ని గుర్తుంచుకోవడానికి పనికివస్తుంది.

ఇంజను పని నాలుగు మాటలలో చెప్పవచ్చు. పీల్చడం, అదమడం, మండించడం, వదలడం. పిస్టను కిందికి దిగుతూ పెట్రోలు కలిసిన గాలిని పీలుస్తుంది. పైకి లేస్తూ దానిని అదుముతుంది. ప్లగ్గులో నిప్పురవ్వ పడి మిశ్రమం మండగానే పిస్టను బలంగా కిందికి తోయబడుతుంది. తిరిగి లేస్తూ పొగను బయటకు పంపుతుంది. ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఈ నాలుగు పనులు ఒక్కసారి పూర్తవుతాయి. నిమిషానికి 3,600 చుట్లు తిరిగే ఇంజనులో సెకనుకు 60 చుట్లు, అనగా సెకనుకు 30 మంటలు. అరచేతిలో ఇమిడే సిలిండరులో ఇంత పని జరుగుతున్నదని తెలిసినవారు దానిని నిర్లక్ష్యం చేయలేరు.

కనుక ఇంజను నడవడానికి నాలుగు కావాలి: మంచి పెట్రోలు, శుభ్రమైన గాలి, సకాలంలో నిప్పురవ్వ, తగినంత కంప్రెషన్. ఇంజను కదలకపోతే ఈ నాలుగింటిలో ఒకటి లోపించిందని అర్థం. ఏది లోపించిందో వరుసగా వెదకడమే లోపశోధన. ఆ వరుసకు ఒక నియమం ఉన్నది. ఖర్చు లేనిది ముందు చూడాలి, ఖర్చయ్యేది చివర చూడాలి. చాలామంది దీనిని తలకిందులు చేస్తారు. తాడు నాలుగుసార్లు లాగి, అయిదోసారికి కార్బురేటర్ విప్పుతారు. విప్పిన తరువాత చిన్న వాషరు గడ్డిలో పడిపోతుంది. అప్పుడు లేని రోగం కూడా వస్తుంది.

మొదటి మెట్టు కళ్ళతో చూడడం. స్విచ్ ‘ఆన్’లో ఉన్నదా? ట్యాంకులో పెట్రోలు ఉన్నదా? పెట్రోలు కాక్ తెరిచి ఉన్నదా? చల్లని ఇంజనుకు చోక్ వేశారా? ఆయిలు మట్టం సరిగా ఉన్నదా? కొన్ని ఇంజనులలో ఆయిలు తగ్గితే నిప్పురవ్వను ఆపివేసే ఏర్పాటు ఉంటుంది. అది రోగం కాదు, రక్షణ. ఈ అయిదు ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు. యంత్రాన్ని ఆటోలో వేసి కాకినాడ దాకా తీసుకుపోయి, అక్కడ కాక్ మూసి ఉన్నదని తెలుసుకోవడం కంటె ఈ రెండు నిమిషాలు చవక.

రెండవ మెట్టు ప్లగ్గు. ప్లగ్గు ఇంజను నాలుక వంటిది, వైద్యుడు నాలుక చూసినట్లు మెకానిక్కు దానిని చూస్తాడు. కొసన లేత గోధుమరంగు ఉంటే ఆరోగ్యం. నల్లని పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. తెల్లగా కాలినట్లుంటే పెట్రోలు చాలక వేడెక్కుతున్నది. ఎంత లాగినా ప్లగ్గు పొడిగానే ఉంటే పెట్రోలు చేరడం లేదు. తడిసి ఉంటే పెట్రోలు చేరింది కాని మండలేదు. రవ్వ లేదనో, చోక్ ఎక్కువైందనో గ్రహించాలి. రెండు కొసల మధ్య ఖాళీ చాలా ఇంజనులకు 0.7 నుండి 0.8 మిల్లీమీటర్లు. తిరిగి బిగించేటప్పుడు ముందు చేతితోనే తిప్పాలి. పూర్తిగా కూర్చున్న తరువాతనే పానా వాడాలి. మొదటే పానా పెట్టి బలం చూపితే అల్యూమినియం మర చెడుతుంది.

మూడవది పెట్రోలు, ఎక్కువ చిక్కులకు మూలం ఇదే. పన్నుల తేడా వల్ల యానాంలో పెట్రోలు పొరుగు ప్రాంతాల కంటె చవక. దానివల్ల ఇళ్ళలో డబ్బాలతో, సీసాలతో నిలవ చేసే అలవాటు పెరిగింది. పెట్రోలు బియ్యం కాదు, పాతబడితే మంచిది కాదు. దానిలో తేలికగా ఆవిరయ్యే భాగమే ఇంజను తొలిమంటకు ఆధారం. నిలవలో ముందు పోయేది ఆ భాగమే. మిగిలినది కార్బురేటర్‌లో జిగురుగా మారి, సూది బెజ్జమంత ఉండే జెట్‌ను మూసివేస్తుంది. చోక్ వేస్తేనే నడిచి, చోక్ తీయగానే ఆగిపోయే ఇంజనులో తరచుగా ఇదే లోపం.

మరొక మార్పును కూడా తెలుసుకోవాలి. 2023 ఫిబ్రవరిలో ఈ దేశంలో 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు అమ్మకం ఆరంభమై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఎథనాల్‌కు నీటిని పీల్చే గుణం ఉన్నది. గోదావరి గాలిలో తేమకు కొదవ లేదు. పీల్చిన నీరు పరిమితి దాటితే, నీరు, ఎథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. కార్బురేటర్ తీసుకునేది అడుగు నుండే. పాత ఇంజనులలోని కొన్ని రబ్బరు గొట్టాలు, వాషర్లు కూడా ఎథనాల్‌కు ఉబ్బి పాడవుతాయి. కనుక ఒక నెలలో వాడుకోగలిగినంత పెట్రోలే కొనడం, మూత గట్టిగా ఉండే తగిన డబ్బాలో ఉంచడం మేలు. అనుమానం కలిగినప్పుడు కార్బురేటర్ గిన్నె కింది బోల్టు వదులుచేసి, కొద్దిగా గాజు పాత్రలో పట్టి చూస్తే అడుగున నీటి పొర కనబడుతుంది. సాంద్రత పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ప్రయోగశాలలో దొరకదు. అయితే అది ఉపాధ్యాయుని సమక్షంలో, ఆరుబయట, నిప్పుకు దూరంగా జరగాలి.

ఇంజను పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, కొంతసేపటికి మళ్ళీ నడిస్తే ట్యాంకు మూతను చూడండి. మూతలో గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుంటే పెట్రోలు కిందికి దిగదు. మూత కొద్దిగా వదులుచేయగానే ఇంజను నడిస్తే దోషం దొరికినట్లే. నోరు వేలితో మూసిన గొట్టం నుండి నీరు జారదని బాలలందరికీ తెలుసు. ఆ తెలిసిన విషయమే ఇక్కడ వందల రూపాయలు మిగుల్చుతుంది.

నాలుగవది గాలి. ఒక లీటరు పెట్రోలు మండడానికి సుమారు 9,000 లీటర్ల గాలి అవసరం. అంత గాలి గడ్డిపొట్టు, దుమ్ము లేచే చోట నేలకు జానెడు ఎత్తున పీల్చబడుతున్నది. దానికీ సిలిండరుకూ మధ్య అడ్డు ఒక్క ఎయిర్ ఫిల్టరే. నురుగు ఫిల్టరును సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, కొద్దిగా ఆయిలు పట్టించి పిండి పెట్టాలి. కాగితపు ఫిల్టరును కడగరాదు, మెల్లగా తట్టి దులపాలి, పాడైతే మార్చాలి. ఫిల్టరు తీసివేసి నడిపితే ఇంజను హుషారుగా ఉన్నట్లు తోచవచ్చు. ఆ హుషారు సిలిండరును గరుకు కాగితంతో రుద్దిన హుషారు. అట్లే ఇంజను చుట్టూ ఉండే రెక్కల నడుమ గడ్డి ఇరుక్కుంటే వేడి పోదు. వాటిని ప్రతి వాడుక తరువాత తుడవాలి.

కంప్రెషన్ పరీక్షకు చెయ్యి చాలు. తాడు నెమ్మదిగా లాగినప్పుడు ఒకచోట గట్టిగా అడ్డు తగలాలి. ఏ అడ్డూ లేకుండా జారిపోతే వాల్వులో, రింగులో, గాస్కెట్టో చెడినట్లు. అది అనుభవజ్ఞుడైన మెకానిక్కు పని. కోత యంత్రానికే ప్రత్యేకమైన మరొక లోపం ఉన్నది. బ్లేడు రాయికి తగిలి ఇంజను హఠాత్తుగా ఆగితే, ఫ్లైవీల్‌ను ఇరుసుకు పట్టి ఉంచే చిన్న తాళపు ముక్క తెగవచ్చు. అప్పుడు పెట్రోలు, రవ్వ అన్నీ ఉంటాయి కాని రవ్వ వేళ తప్పి పడుతుంది. తాడు చేతిని వెనక్కు గుంజుతుంది. కోతకు ముందు నేలపై రాళ్ళు, కొబ్బరి డొక్కలు, తీగముక్కలు ఏరడం ఇందుకే.

ఇక ఆయిలు. దసరాకు ఇంజనుకు పసుపు, కుంకుమ అద్ది, తక్కిన సంవత్సరమంతా ఆయిలు మూత తీయని భక్తులు ఉన్నారు. నాలుగు దశల ఇంజనులో ఆయిలు విడిగా ఉంటుంది. ప్రతి వాడుకకు ముందు మట్టం చూడాలి, సాధారణంగా 50 గంటలకొకసారి గాని, సంవత్సరానికొకసారి గాని మార్చాలి, కొత్త ఇంజనుకు మొదటి మార్పు ఇంకా త్వరగా జరగాలి. రెండు దశల ఇంజనులో ఆయిలును పెట్రోలులోనే కలపాలి. 50కి 1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. ఇంట్లో రెండు రకాలూ ఉంటే డబ్బాలపై పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. ఆయిలు కలపని పెట్రోలు రెండు దశల ఇంజనులో పోస్తే పిస్టను కొద్దిసేపటిలోనే పట్టేస్తుంది. ఒక పూట మరపు ఒక కూలివాని నెల జీతాన్ని మింగుతుంది. శుభ్రం చేయడానికి కోత యంత్రాన్ని వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టరు ఉన్న వైపు పైకి ఉండాలి. లేనిచో ఆయిలు ఫిల్టరులోకి జారి, మరునాడు తెల్లని పొగ వస్తుంది.

వేసవిలో గడ్డి ఎండిన తరువాత యంత్రం నెలలు కదలకుండా ఉంటుంది. మూలన పెట్టేముందు పెట్రోలు తీసివేసి, కార్బురేటర్‌లో మిగిలినది అయిపోయేదాకా ఇంజనును నడపాలి. ప్లగ్గు తీసి కొన్ని ఆయిలు చుక్కలు వేసి, తాడు ఒకటి రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించాలి. ఆ తరువాత అడ్డు తగిలేదాకా లాగి వదలాలి. అప్పుడు రెండు వాల్వులూ మూసుకొని తేమగాలి లోపలికి చేరదు. తొలకరి వానకు ముందు అరగంట చేసే ఈ పని, వానలలో రెండు రోజుల తిరుగుడును తప్పిస్తుంది. ఇల్లు కాలినప్పుడు బావి తవ్వడం కంటె ఇది ఎంతో మేలు.

తల్లిదండ్రులు ముఖ్యంగా వినవలసిన మాటలు ఇవి. బ్లేడును ముట్టుకునేముందు ప్లగ్గు టోపీ లాగివేయాలి. ఆగిన ఇంజను కూడా బ్లేడు తిప్పితే రగలవచ్చు. వేడి ఇంజనులో పెట్రోలు పోయరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది, నేలపై పాకి దూరాన ఉన్న పొయ్యిని చేరుతుంది. కోత జరిగేచోట పిల్లలు కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వేయిమందికి పైగా ప్రాణాలు తీసింది, కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. అటువంటి రాత్రులలో కరెంటు పోయి, జనరేటరును వరండాలోకో గదిలోకో చేర్చాలనిపిస్తుంది. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన ఇంట్లో అది నిద్రిస్తున్నవారిని లేవనివ్వదు. వాన తగలని చోటైనా, ఇంటికి దూరంగా ఆరుబయటనే ఇంజను నడవాలి.

చివరిగా ఒక మనవి. పదవ తరగతి తప్పినవాడు మెకానిక్కు అవుతాడన్న మాట ఊళ్ళలో వినబడుతూ ఉంటుంది. ప్లగ్గు రంగు చూసి లోపం చెప్పగలవాడు పరిశీలన, ఊహ, పరీక్ష, నిర్ణయం అనే శాస్త్రీయ పద్ధతినే పాటిస్తున్నాడు. ఆ పద్ధతి పేరు అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి పేరు తెలుసు, పని తెలియదు. ఈ ఇద్దరినీ ఒక బల్లవద్ద కూర్చోబెట్టడం తెలుగులో బోధించే పాఠశాలకు సులభం, ఎందుకంటే పాఠం చెప్పే భాష, పని చేసే భాష ఇక్కడ ఒక్కటే. జూబిలీ గుర్తుగా ప్రయోగశాలలో ఒక పాత ఇంజనును కోసి, లోపలి భాగాలు కనబడేటట్లు ఉంచితే, పూర్వ విద్యార్థులలో మెకానిక్కులైనవారు ఏడాదికొక రోజు వచ్చి పాఠం చెబితే, నూరేళ్ళ ఉత్సవం నాటికి ఈ ఆవరణలో గడ్డి కోయడానికి, చెడిన యంత్రం బాగుచేయడానికి బయటివారి కోసం ఎదురుచూడనక్కరలేదు.