మాట్లాడుకోవడానికి చోటేది?

అమ్మలూ, అక్కలూ, వెనక వరసలో కూర్చున్న ఇంటర్ పిల్లలూ,

ఆ వయసులో మగపిల్లలతో పరిచయాల గురించి మాట్లాడమన్నారు. "అయితే ప్రేమ మీద ఉపన్యాసమా?" అని మా ఇంట్లో నవ్వారు. ప్రేమ సంగతి తర్వాత. ముందు చోటు సంగతి చెబుతాను.

నేను నాచారంలో పెరిగాను. అప్పట్లో ఉప్పల్ కలాన్ వేరే మున్సిపాలిటీ, 2007లోగానీ జి.హెచ్.ఎం.సి.లో కలవలేదు. పేరుకు నగరం పక్కనే, బతుకు మాత్రం చిన్న ఊరిదే. పారిశ్రామికవాడలో షిఫ్టు వదిలితే సైకిళ్ల మీద వచ్చేవాళ్లలో సగంమంది నాన్నకు తెలిసినవాళ్లు. మరోపక్క రామకృష్ణా స్టూడియో. సినిమాలో హీరో హీరోయిన్లు చేతులు పట్టుకుని పాడితే మురిసిపోయే పెద్దమనుషులే, బస్టాపులో ఒకమ్మాయి ఒకబ్బాయితో రెండు నిమిషాలు మాట్లాడితే ఇంటికొచ్చి మరీ చెప్పేవారు.

మగపిల్లలకు చాయ్ బండి, ఇరానీ హోటల్, గ్రౌండు ఉన్నాయి. మాకు? బస్టాపు, గుడి, ట్యూషన్ దారి, ఎవరింట్లోనైనా పెళ్లి. నోట్సు అడగడంతో పరిచయం మొదలయ్యేది. తిరిగొచ్చిన నోట్సులో చీటీ ఉంటే దాచాలా చించాలా అని నలుగురం కలిసి తేల్చేవాళ్లం. రాసినవాడు ఎలాంటివాడో తెలియాలంటే మాట్లాడాలి, మాట్లాడితే అల్లరిపాలు. అంచేత ఔనన్నా కాదన్నా తెలియకుండానే అనాలి. వెంటపడి వేధించేవాడెవడో, మర్యాదగల వాడెవడో పోల్చుకునే వీలే లేకుండా చేసి, తీరా ఏదైనా జరిగితే "మోసపోయింది" అని మమ్మల్నే అన్నారు.

నా స్నేహితురాలొకామె అలా బస్టాపులో కనిపించింది. అంతే. వారం తిరక్కుండా చదువు మాన్పించారు, ఆర్నెల్లలో పెళ్లి చేసేశారు. ఆ అబ్బాయి డిగ్రీ పూర్తిచేశాడు. మాట్లాడింది ఇద్దరు, శిక్ష ఒక్కరికి. పరువంటే ఇదేనన్నమాట!

తర్వాత 2017లో మెట్రో వచ్చింది, 2023లో ఉప్పల్ చౌరస్తాకు స్కైవాక్ వచ్చింది. చేతుల్లో ఫోన్లున్నాయి. అయినా 2019 ఫిబ్రవరి 14న మేడ్చల్ దగ్గర కండ్లకోయ పార్కులో కూర్చున్న జంటకు బలవంతంగా పెళ్లి చేయించి, ఆ వీడియో ఊరంతా తిప్పారు. పక్కన కూర్చుంటే పెళ్లాడి తీరాలా?

చట్టం సంగతీ తెలుసుకోండి. ఇష్టంతో దగ్గరయ్యే వయసు 2012 దాకా 16. పోక్సో చట్టం దాన్ని 18 చేసింది. పెద్దవాళ్ల చేతుల్లో నలిగే పిల్లలకు ఆ చట్టం చాలా అవసరం, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ పదిహేడేళ్ల పిల్ల ఇష్టంతోనే దగ్గరైనా ఆ ఇష్టం అక్కడ చెల్లదు. ఇద్దరూ ఇల్లు విడిచి వెళితే, అందునా కులాలు వేరైతే, తండ్రి చేతికి ఆ కేసే ఆయుధమవుతుంది. అబ్బాయి జైలుకో జువనైల్ హోముకో, అమ్మాయి మరో హోముకో వెళ్లాల్సి వస్తుంది. అయితే స్నేహం చేయడం, కలిసి టీ తాగడం ఏ చట్టంలోనూ నేరం కాదు. ఈ రెంటికీ తేడా మన పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

అమ్మలకొక మాట. మీ పిల్ల ఒకబ్బాయి పేరు ఇంట్లో చెప్పగానే కాలేజీ మాన్పిస్తే, రేపు ఎవడైనా ఫోటో పెట్టి బెదిరించినప్పుడు ఎవరికి చెప్పుకుంటుంది? "ఎవరే ఆ అబ్బాయి? ఒకసారి ఇంటికి రమ్మను, చాయ్ తాగి వెళ్తాడు" అనగలరా? మీ ఆయన అననిస్తాడా అన్నది ఇంకో పెద్ద ప్రశ్న, దాని గురించీ మాట్లాడుకుందాం.

నేను ఆపుతాను. వెనక వరసలో ఆ పిల్ల ఇందాకటినుంచీ చెయ్యెత్తి ఉంది. ముందు ఆమెను మాట్లాడనివ్వండి.