తాళపుచెవి నప్పగించుట

సంస్థను స్థాపించుటకంటె దానికి వారసుని దిద్దుట కష్టము. వనపర్తి సంస్థానమునందలి రాయణిపేటలో జన్మించి, పిమ్మట హైదరాబాదు కొత్వాలైన వెంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి విద్యార్థి వసతిగృహ స్థాపనకు పూనుకొనిరి. గద్వాల ప్రాంతపు బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారికి తరువాత ఆ గృహ కార్యదర్శిత్వము లభించెను. పెద్దాయన హితోపదేశముతో సరిపెట్టక బాధ్యతనే యిచ్చిరి.

అచ్చట విద్యార్థులను, గ్రంథాలయమును సాకిన యనుభవముతోనే ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మందికి చోటిచ్చి, తాము పొందిన చేయూతను పరులకు పంచిరి. 1939లో ఆ పెద్దాయన జీవితచరిత్రమును రచించి ఋణము దీర్చుకొనిరి.

కావున యువకునికి పుస్తకమిచ్చి యూరకుండరాదు. బీరువా తాళపుచెవిని, లెక్కల చిట్టాను గూడ నిచ్చి, తప్పిన చోట దిద్దవలెను. అట్లయిననే ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును జూడగలదు.