వ్యాసం కూడా ఒక క్లెయిమే
(ఆదివాసీ యువత రాత శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



చర్ల, దుమ్ముగూడెం, గుండాల, ములకలపల్లి వైపు నుంచి వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు రాసిచ్చిన కాగితాలన్నీ చదివాను. కోపం ఉంది, విషయం ఉంది. కానీ చాలావరకు ఒకే అచ్చు. మొదటి పేరాలో ‘అనాదిగా ఆదివాసులు అడవితల్లి ఒడిలో’. రెండో పేరాలో కొమురం భీం. మూడో దాంట్లో 1/70, పోడు, పోలవరం, జీవో 3, బడి, ఆసుపత్రి అన్నీ ఒక్క వాక్యంలోనే. చివర్లో ‘కాబట్టి ప్రభుత్వం వెంటనే స్పందించాలి’. దేని మీద స్పందించాలో చదివినోళ్లకు తెలవదు. స్పందించొద్దనుకునే ఆఫీసరుకు ఇంతకన్నా కావాల్సిందేముంది?

వ్యాసం అంటే పట్నపోళ్ల విద్య అనుకోకండి. మీ ఇళ్లల్లో చాలామంది ఇలాంటి పని ఇప్పటికే చేశారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి క్లెయిమ్ పెట్టారు కదా. అందులో ‘మాకు అన్యాయం జరిగింది’ అని మొదలుపెడతామా? ఫలానా చోట, ఫలానా హద్దుల మధ్య, ఇంత భూమి అని రాస్తాం. 2005 డిసెంబర్ 13 నాటికే మా చేతిలో ఉందంటాం. ఆ తర్వాత సాక్ష్యం. పాత కాగితాలు, రసీదులే కాదు, వేసిన గట్లు, తవ్విన బావి, పెద్దల సమాధులు, వేల్పుల చోటు, ఊరి పెద్దమనిషి చెప్పగా రాసుకున్న వాంగ్మూలం, ఇవన్నీ సాక్ష్యాలేనని రూల్స్‌లోనే ఉంది. ఒక్కటి కాదు, ఒకటికి మించి చూడాలని కూడా ఉంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. దాని మీద అరవై రోజుల్లో పైకమిటీకి పోవచ్చు.

వ్యాసం కూడా అంతే. నేను అడిగేది ఏంటి, ఎందుకు, సాక్ష్యం ఏంటి, కాదన్నోళ్లకు నా జవాబు ఏంటి. ఈ నాలుగూ ఉంటే భాష కొంచెం మొరటుగా ఉన్నా నడుస్తది. ఇవి లేకపోతే ఎంత కవిత్వం పోసినా నిలబడదు.

ఒకటి తీసుకుని చూద్దాం. మీలో ఎక్కువమంది డీఎస్సీకి చదువుతున్నారు కాబట్టి జీవో 3 తీసుకుంటా.

ముందు ఒక్క వాక్యం రాసుకోండి. ‘జీవో 3 గురించి’ అన్నది వాక్యం కాదు, తలకాయ మాత్రమే. ‘ఏజెన్సీలో చిన్న తరగతుల టీచరుకు పిల్లల ఇంటి భాష వచ్చి ఉండాలి’, ఇది వాక్యం. దీన్ని ఎవరైనా కాదనొచ్చు. ఎవరూ కాదనలేని మాట మీద వ్యాసం ఎందుకు?

ఇప్పుడు మొదలు ఎక్కడ? కోర్టు తీర్పుతో కాదు, ఒకటో తరగతితో. ఇంట్లో కోయ తప్ప ఇంకోటి వినని పిల్ల బడికొస్తది. టీచరుకు ఆ భాష రాదు. ఇద్దరూ సంవత్సరమంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ సంగతి చదివినోళ్లకు కళ్లకు కట్టాక చరిత్రలోకి పోండి. ఏజెన్సీ బళ్లకు టీచర్లు సరిగా రావడం లేదనే, 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్రం జీవో 3 ఇచ్చి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్నది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం దాన్ని కొట్టేసింది.

ఇక్కడే మన రాతలు తిట్లలోకి దిగుతాయి. కోర్టు ఏమన్నదో ఒక్కరు కూడా రాయలేదు. రాయాలి. నూరు శాతం రిజర్వేషన్ ఇస్తే మిగతా వాళ్లకు అవకాశమే ఉండదని, యాభై శాతం హద్దు దాటడానికి తగిన కారణం లేదని, ఐదో షెడ్యూల్ కింద గవర్నరుకున్న అధికారం కూడా ప్రాథమిక హక్కులకు లోబడే ఉండాలని అన్నది. అవతలోళ్ల మాట వాళ్లే ‘అవును, ఇదే’ అనేటట్టు చెప్పాకే జవాబుకు దిగాలి. అప్పుడు దెబ్బ గట్టిగా తగులుతది.

జవాబు ఏంటి? రాజ్యాంగం 350ఏ అధికరణ, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలంటది. తీర్పు కొట్టేసింది నూరు శాతాన్ని. పిల్లల భాష తెలిసిన టీచరు కావాలనడాన్ని కాదు. ‘జీవో 3 మళ్లీ తేవాలి’ అని ఊరికే అరిస్తే తలుపు మూసి ఉంది. భాష దారిలో పోతే తెరుచుకునే వీలుందని నా లెక్క. కాదంటారా, మీరే రాసి ఒప్పించండి.

ఇక సాక్ష్యం. మీ ఊరి బడికి పోయి చూడండి. పిల్లలెంతమంది, ఎంతమంది ఇళ్లల్లో కోయ, టీచర్లెంతమంది, అందులో కోయ వచ్చినోళ్లెందరు, ఏ తేదీన అడిగారు. ఆ నాలుగు అంకెలు హైదరాబాద్‌లో కూర్చున్న ఏ జర్నలిస్టు దగ్గరా లేవు. మీ దగ్గరే ఉంటాయి. ‘ఇటీవల’, ‘చాలామంది’, ‘అనేక గ్రామాలు’ అనే మాటలు కనబడితే కొట్టేయండి. ‘పోలవరం కింద మండలాలు పోయినయి’ కాదు, ‘2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రాకు పోయాయి’ అని పేరు పెట్టి రాయండి. ఆ ఊళ్లల్లో మనకు చుట్టాలున్నారు, పేర్లు మనకే తెలవకపోతే ఎట్లా?

పేరాకు ఒక్క పని అప్పజెప్పండి, చాలు. రాశాక ప్రతి పేరా మొదటి వాక్యం మాత్రం వరసగా చదవండి. కథ నడిస్తే సరే. తెగితే పేరాలు జరపండి. కొమురం భీం పేరా అడ్డమొస్తే తీసి పక్కన పెట్టండి, ఆయనేం బాధపడడు. ఆయన మీద వేరే వ్యాసం రాయొచ్చు.

భాష గురించి అడిగారు. గ్రాంథికం వద్దు. మీరు ఇంట్లో అమ్మకు కోయలో ఈ సంగతి ఎట్లా చెప్తారో ముందు అట్లా చెప్పుకోండి, తర్వాత తెలుగులో పెట్టండి. అమ్మకు అర్థం కాని వాక్యం కలెక్టరుకు కూడా అర్థం కాదు.

వచ్చేసారి ఒక్క పేజీ తెండి. పైన మీ వాక్యం, కింద మీ బడి అంకెలు. పక్కోళ్ల పేజీ తీసుకుని మీరు ఎదుటి పార్టీ వకీలు లెక్క కాదనాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక జతలు కడదాం.