సినిమా చూచి అనుకొను మాటలు

సినిమా చూచి ఇంటికి వచ్చునప్పుడు మనము చెప్పుకొను మాటలను ఎవ్వరును వ్రాసి పెట్టరు. విమర్శకులు పత్రికలలో వ్రాసినవి నిలుచును. బస్సులోను, అరుగు మీదను, అన్నము తినుచును అనుకొన్నవి గాలిలో కలిసిపోవును. అయినను ఒక కథ జనుల మనస్సులలో ఎంత లోతునకు దిగినదో తెలిసికొనవలెనన్న ఆ గాలిమాటలే ఆధారము. అట్టివి కొన్ని నేడు శ్రోతలకు వినిపింపదలచితిమి. మేము విమర్శకులము కాము. సినిమాలన్నను, టెలివిజను నాటకములన్నను ఇష్టపడు సామాన్య ప్రేక్షకులము.

మాది జగిత్యాల జిల్లాలోని మల్యాల. కొండగట్టు ఆంజనేయస్వామి దర్శనమునకు వచ్చువారు ఎరిగిన ఊరే. మా చిన్నతనమున సినిమా యనగా బస్సెక్కి జగిత్యాలకు పోవుట. తిరిగి వచ్చునప్పుడు దారి పొడుగునను కథ మరల నడచెడిది. మగవారు ప్రతినాయకుని తిట్టెడివారు. పిల్లలు పోరాటములు అభినయించెడివారు. ఒక ముసలమ్మ మాత్రము, “పాపం, ఆ పిల్ల అన్నం తినకుండనే పండుకున్నది” అని కథానాయిక కొరకు విచారపడినది. ఆ సంగతి మాలో మరి యెవ్వరును గమనింపలేదు.

1987 జనవరిలో దూరదర్శనమున రామానందసాగరుగారి ‘రామాయణ్’ మొదలైనది. ఆదివారము ఉదయమున టెలివిజను ఉన్న ఇంటికి వాడకట్టంతయు చేరెడిది. అది హిందీ నాటకము. మా నాయనమ్మకు హిందీ రాదు. అయినను ఒక్క మాటకును ఆమె అర్థమడుగలేదు. కైక వరములు కోరు ఘట్టమున తెరవైపు చెయ్యి చాచి, “ఊకోవే, నీ కొంప నువ్వే ముంచుకుంటున్నవ్” అని హెచ్చరించినది. కథ తుదిదాక ఎరిగినదే. ఈ పర్యాయమైనను కైక మానుకొనునేమో యని ఆశ! అభిమాని యన ఎవరో మాకు ఆనాడు తెలిసినది.

ముప్పది యేండ్లకు పిమ్మట ‘కార్తీకదీపం’ వచ్చినది. 2017 మొదలు 2023 దాక సాగిన ఆ ధారావాహిక మాతృక మలయాళ నాటకము. వంటలక్క కన్నీరు ఎన్నటికిని ఇంకకపోగా, ఈ సాగదీతకు అంతు లేదా యని మేము ఎగతాళి చేసితిమి. కాని వేళకు టెలివిజను ముందు చేరినవారిలో మేమును ఉంటిమి. వంటింటి నుండి తీర్పు వినవచ్చెడిది: “గా డాక్టరుబాబుకు సదువున్నది గని తెలివి లేదు.” ఎన్ని పుటల విమర్శ వ్రాసినను ఇంతకు మించి చెప్పగలమా?

ఇంత ప్రీతితో చూచుచున్నను ఒక్క సంగతి మమ్ములను లోలోపల గుచ్చుచుండెడిది. తెరమీద మా ప్రాంతపు మాట వినబడుట అరుదు. ‘మా భూమి’ వంటివి ఏ కొన్నియో తప్ప, వినబడినప్పుడు అది తరచుగా ప్రతినాయకుని నోటనో, హాస్యగాని నోటనో ఉండెడిది. హాలులో అందరును నవ్విరి; మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చి అదే మాటతో మంచినీళ్లడిగితిమి. మనము నవ్వినది ఎవరిని చూచియో ఆ రాత్రి తట్టలేదు.

2017లో ‘ఫిదా’ వచ్చినప్పుడు, బాన్సువాడ పిల్ల భానుమతి కథానాయికయై ఆ మాటనే తలయెత్తి పలికినది. మా ఇంటి ఆడపిల్లలు, “మన లెక్కనే మాట్లాడుతున్నది” అని ఒకరి నొకరు చూచుకొనిరి. పొగడ్త అంతమాత్రమే, కాని వారి ముఖములలో వెలుగు మాకు కనబడినది.

ఇక ‘బలగం’ మాట. సిరిసిల్లవాడైన వేణు యెల్దండి దీనికి దర్శకుడు. 2023 మార్చి 3న విడుదలైనది. కొమురయ్య యను వృద్ధుడు మరణించును. కాకికి పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. ఏండ్ల క్రిందట విందులో ఒక నల్లిబొక్క దగ్గర కొడుకునకును అల్లునకును పుట్టిన పగ ఆ ఇంటిని చీల్చినదని తెలియవచ్చును. కథ ఇంతే. ఇందలి పాటకు గాను కాసర్ల శ్యామ్‌కు 2023వ సంవత్సరపు ఉత్తమ గీతరచయితగా జాతీయ పురస్కారము 2025లో ప్రకటింపబడినది.

ఆ వేసవిలో తెలంగాణ పల్లెలలో కూడళ్లయందు తెరలు కట్టి ఊరివారందరును కలిసి ఈ చిత్రమును చూచిరి. మేమును ఆరుబయట చాప మీద కూర్చుండి చూచితిమి. మాట విని ఎవ్వరును నవ్వలేదు. మాటలోని చమత్కారమునకు మాత్రమే నవ్విరి. ఈ భేదము చిన్నది కాదు. చావింటిలో ప్రేమకథ ఎందుకని ఒకరు గొణిగిరి. మాకును అట్లే తోచినది. కాని కడపట కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాట ఎత్తుకొనగా గొణుగుడు ఆగిపోయినది. తుండుగుడ్డలు కన్నుల మీదికి పోయినవి.

ఆ గుంపులో మా దూరపు బంధువులైన అన్నదమ్ములు ఇద్దరుండిరి. గెట్టు పంచాయతి వలన పండ్రెండేండ్లుగా వారికి మాటలు లేవు. ఒకరు తెరకు కుడివైపునను, ఒకరు ఎడమవైపునను కూర్చుండిరి. ఆట ముగిసినది. పెద్దవాడు చాప చుట్టుకొనుచు మా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగెను: “తమ్ముడు అన్నం తిని వచ్చిండా?”

మరునాడే వారు కౌగిలించుకొనిరని చెప్పిన వినసొంపుగా నుండును. అట్లు జరుగలేదు. గెట్టు నేటికిని అచ్చటనే యున్నది. సినిమా గెట్టును జరుపజాలదు. మనిషిని ఒక్క అడుగు జరుపును, అంతే. కాని మరుసటి యేడు చిన్నవాని కూతురు పెండ్లి దావతుకు పెద్దవాడు వచ్చెను. ఎవ్వరును పిలువకున్నను కడపటి పంక్తిలో కూర్చుండెను. తమ్ముడే గిన్నె పట్టుకొని వచ్చి వడ్డించెను. నల్లిబొక్క ఎవరి విస్తరిలో పడినదో మేము చూడలేదు. చూడవలెనని ఎవ్వరికిని తోచలేదు.