వ్రేలిముద్రయు ముఖచిత్రమును
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

భారతమునుండి ఏదేని చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను మాత్రము నాకు అన్నము పెట్టిన లెక్కల పుస్తకమునుండి నాలుగు మాటలు చెప్పెదను, క్షమింపుడు.

మా నాయనగారు, 1984లో ఆ పదవులు రద్దగువరకు, పట్వారీ. నిశానీ వేయువానికి కాగితమంతయు చదివి వినిపించి, "తెలిసినదా?" అని అడిగి, ఆ తరువాతనే బొటనవ్రేలికి సిరా పూసెడివారు. సంఘపు పద్దులలో నేనును ఆ వాడుకనే పాటించుచున్నాను. ఈ విద్య మన దేశముననే పెరిగినది. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. అచ్చట అజీజుల్ హక్, హేమచంద్ర బోసు పాటుపడగా, పేరు హెన్రీ దొరకు దక్కినది. పద్దు వ్రాసిన గుమాస్తా పేరు ఎవ్వరికి కావలెను!

నేడు ఆ ముద్రను యంత్రము అడుగుచున్నది. నాట్లు వేసి అరిగిన మా పొరుగింటి అవ్వ వ్రేలిని రేషను యంత్రము మూడు మార్లు కాదన్నది. "వేలు నాదే గద నాయనా, ఇంకెవరిదంటది?" అని ఆమె నన్నడిగినది. ఆమెను ఎరుగనివారు ఆ వీధిలో లేరు, ఎరుగనిది యంత్రమొక్కటే.

ఇక ముఖము. 2021 మే నెలలో, లాక్‌డౌన్ కాలమున, పాతబస్తీలో చార్మినారు చేరువ ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మూతిగుడ్డ తీయుమనిరట. ఆయన నిరాకరింపగా, అట్లే ఛాయాచిత్రము తీసిరట. అది ఎచ్చటికి పోయినదని ఆయన ప్రశ్న. 2022లో ఆ ప్రశ్న మూసీ యొడ్డుననున్న హైకోర్టునకు చేరినది. చార్మినారునుండి అచ్చటికి నడచి పోదగిన దూరమే. ఆ భవనము తెరచిన 1920లోనే ఆంగ్ల ప్రభుత్వము కైదీల గుర్తింపు చట్టము చేసెను. 2022లో రద్దగువరకు అది నేరస్థులకును, నిర్బంధితులకును సంబంధించియుండెను; అంగడికి పోవువాని మాట అందులో లేకుండెను. ఆంతరంగికత ప్రాథమిక హక్కని 2017 ఆగష్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా చెప్పియున్నారు.

దొంగను పట్టవలదని నేననను. 'దర్పణ్' అను ఇట్టి సాధనముతోనే తప్పిపోయిన బిడ్డలను తెలంగాణ పోలీసులు తల్లుల ఒడి చేర్చిరి. నా పట్టుదల ఒక్కటే: ముద్ర పుచ్చుకొనువాడు ముందు చదివి వినిపింపవలెను.

మన గ్రంథాలయమున ఎవరే పుస్తకము కొనిపోయిరో ఇన్నేండ్లుగా నేనే వ్రాయుచున్నాను. దానిని కంప్యూటరునకు ఎక్కింతమని యువకులనుచున్నారు. ఎక్కింపుడు. కాని అది ఎవరు చూడవచ్చునో, ఎన్నాళ్లకు తుడిచివేయవలెనో తీర్మానము వ్రాయువరకు బీరువా తాళపుచెవి నాయొద్దనే యుండును.