హద్దు రాసిన దొర



జాన్ కెన్నవే పేరు పట్టాలు అందుకుంటున్న మీలో ఎవరూ విని ఉండరు. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే హైదరాబాద్ రెసిడెంట్, అనగానే అందరికీ కిర్క్‌పాట్రిక్కే గుర్తొస్తాడు. ఆయనకు కోఠీలో భవనం ఉంది, ప్రేమకథ ఉంది. కెన్నవే వదిలి వెళ్లింది ఒప్పందాలే.

1758లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో వర్తకుడి ఇంట పుట్టాడు. 1772లో, మీకన్నా చిన్న వయసులో, కంపెనీ సైన్యంలో చేరడానికి ఓడెక్కాడు. 1788లో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ ఆయన్ను నిజాం అలీఖాన్ దర్బారుకు పంపాడు, గుంటూరు కోసం. 1768 ఒప్పందం ప్రకారం నిజాం సోదరుడు బసాలత్ జంగ్ బతికున్నంతకాలం గుంటూరు ఆయనది, ఆ తర్వాత కంపెనీది. 1782లో బసాలత్ జంగ్ పోయాడు. నిజాం మాత్రం నాన్చుతూ వచ్చాడు. కెన్నవే వెళ్లిన ఏడాదే, యుద్ధం లేకుండా, గుంటూరు చేతులు మారింది. అంతా మాటకారితనమే అనుకోకండి, వెనకాల కంపెనీ పటాలం సిద్ధంగానే ఉంది.

1790లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి నిజాంను కంపెనీ పక్షాన చేర్చే ఒప్పందం కుదిర్చాడు. మరుసటి ఏడాది బారొనెట్ బిరుదు వచ్చింది. వర్తకుడి కొడుకు ‘సర్’ అయ్యాడు. 1792లో శ్రీరంగపట్నం సంధి మంతనాల్లో ఆయనా కూర్చున్నాడు. టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఇచ్చుకున్నాడు. అందులో కడప నిజాం వాటాకు వచ్చింది. 1800లో నిజాం దాన్ని కంపెనీకే రాసిచ్చాడు. కడప రైతును ఎవరూ అడగలేదు. కెన్నవే మాత్రం 1794లోనే స్వదేశం చేరి, 1836 దాకా డెవన్‌లో ఎస్టేటు చూసుకుంటూ బతికాడు.

ఆయన ఓపిక నాకు నచ్చుతుంది. ఆయన పని ఫలితం నచ్చదు.

ఇక్కడి గోదావరి పక్క అడవికీ అలాంటి కాగితాలే హద్దులు గీశాయి. 1766లో కంపెనీ తరఫున జనరల్ కాలియో కుదిర్చిన ఒప్పందంతో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి సర్కార్లు అటు పోయాయి, ఖమ్మం నిజాం దగ్గరే ఉండిపోయింది. 1860లో గోదావరి ఎడమ గట్టుతో పాటు భద్రాచలం ఇంగ్లీషువాళ్ల కిందికి వెళ్లింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకొచ్చింది. ఆ వైపు కూనవరం నుంచి వచ్చిన పిల్లలున్నారా? మీరు పుట్టినప్పుడు మీది ఖమ్మం జిల్లా. 2014లో తూర్పు గోదావరి అయింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. మీ ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. కుల ధ్రువీకరణ పత్రం కోసం ఏ ఆఫీసుకు వెళ్లాలన్నదే మారుతూ వచ్చింది.

నిజాం దర్బారులో కోయవాళ్లకు, కొండరెడ్లకు కుర్చీ వేసినవాళ్లు లేరు. 2006 అటవీ హక్కుల చట్టం ఆ కుర్చీ గ్రామసభకు వేసింది. పోడు భూమి మీద హక్కు కోరే దరఖాస్తు ముందు అక్కడికే రావాలి. పటం చదవడం వచ్చి, ఇంట్లో కోయభాష మాట్లాడేవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. ఈసారి మీ ఊళ్లో సభ పెట్టినప్పుడు వెళ్లండి. తీర్మానం మీద వేలిముద్రలు వేయించేముందు దాన్ని మీ భాషలో పైకి చదివి వినిపించండి.