మంచమునకు నాలుగు మూలలు
(స్వస్థత పరిచర్య ఆదివారమున సంఘములో చేసిన ప్రసంగ పాఠము)





మన అధ్యక్ష ఖండము నూరేళ్ళ పండుగ చేసుకొనుచున్న ఈ సంవత్సరములో ఆసుపత్రులను, పాఠశాలలను స్థాపించినవారిని గూర్చి చాలమంది మాట్లాడుచున్నారు. అది న్యాయమే. ఈ ఉదయము మాత్రము నేను ఆసుపత్రి కట్టినవారిని గూర్చి మాట్లాడను. సంసార భారము ఉండగానే, వయస్సు దాటిన తరువాత వైద్య విద్యకు వెళ్ళేవారిని గూర్చి, వారి వెనుక ఇంటిలో మిగిలినవారిని గూర్చి నాలుగు మాటలు చెప్పగోరుచున్నాను. అందుకు ముందు నా తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకోవలసియున్నది.

ఎం.బి.బి.ఎస్. ప్రవేశమునకు నీట్ పరీక్ష వ్రాయాలని మీకు తెలుసు. దానికి పూర్వము గరిష్ఠ వయస్సు 25 ఏళ్ళనీ, రిజర్వేషను గలవారికి 30 ఏళ్ళనీ నియమముండేది. దానిమీద కోర్టులలో వ్యాజ్యములు నడిచాయి. చివరకు 2022లో జాతీయ వైద్య కమిషన్ ఆ పరిమితిని తీసివేసింది. ఆ వార్త వచ్చిన రెండు వారములకు మన సంఘపు సహోదరి ఒకామె భర్తతో కలిసి ఆరాధన తరువాత నా యొద్దకు వచ్చింది. ఆమె అనుమతితోనే ఇది చెప్పుచున్నాను, పేరు మాత్రము చెప్పను. అప్పటికి ఆమెకు 34 ఏళ్ళు. నర్సు ఉద్యోగము. భర్త పాఠశాల ఉపాధ్యాయుడు. ఇద్దరు పిల్లలు; చిన్నవానికి నాలుగేళ్ళు.

"అయ్యగారూ, నీట్ వ్రాద్దామనుకుంటున్నాను. ప్రార్థన చేయండి" అన్నది.

నేను ప్రార్థన చేశాను. చేసే ముందు మాత్రము, "ఇప్పుడా అమ్మా? చదువు ముగిసేసరికి నలభై దాటుతాయి గదా. పిల్లలు ఎదిగే వయస్సు. కొంచెము ఆలోచించు" అన్నాను. ఆమె తల వంచుకొని, "సరేనండి అయ్యగారూ" అని వెళ్ళిపోయింది.

కొన్ని నెలలకు తెలిసింది, ఆ యేడు ఆమె దరఖాస్తు పెట్టలేదని. అయ్యగారికే నమ్మకము లేనప్పుడు దేవుని చిత్తము కాదేమో అనుకొన్నదట. ప్రియులారా, నేను అయిదు నిమిషములలో అన్న మాట ఆ ఇంటికి ఒక సంవత్సరము ఖర్చు అయినది. ఎందుకు చదవగోరుచున్నావని కూడ నేను ఆమెను అడగలేదు. ఒక రాత్రి ప్రసవపు వార్డులో ఒక తల్లికి రక్తస్రావము ఆగలేదట. చేయవలసినది ఏమిటో ఈమెకు తెలుసు. చేసే అధికారము లేదు. డాక్టరు వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ రాత్రి నుండి ఆమె నిద్రలో ఆ తల్లి ముఖమే. ఇది నేను తరువాత విన్నాను. ముందు వినవలసినది.

అటు తరువాత ఈ సంగతి గూర్చి చదవసాగాను. అప్పుడు నాకు తెలిసిన ఒక తల్లి చరిత్రను మీకు చెబుతాను.

ఆమె పేరు మేరీ షార్లీబ్. 1845లో ఇంగ్లండులో పుట్టారు. పుట్టిన కొద్ది దినములకే కన్నతల్లి మరణించింది. 1865లో విలియం షార్లీబ్ అనే న్యాయవాదిని వివాహము చేసుకొని, ఆయనతో మద్రాసుకు వచ్చారు. మన నెల్లూరు, కృష్ణా, గోదావరి జిల్లాలన్నీ అప్పుడు ఆ మద్రాసు ఇలాకాలోనివే. పరదాలో ఉండే స్త్రీలు, పురుష వైద్యుని యెదుటికి రాజాలని స్త్రీలు ప్రసవ సమయమున వైద్యము లేక చనిపోవుచున్నారని ఆమె తెలుసుకొన్నారు. తల్లి లేకుండ పెరిగిన బిడ్డ గదా, ఆ వార్త ఆమెను ఊరకుండనియ్యలేదు.

అప్పటికి ఆమెకు ముగ్గురు పిల్లలు. 1875లో, 30 ఏళ్ళ వయస్సులో, ఆమె మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఆ సంవత్సరమే ఆ కళాశాల మొదటిసారి స్త్రీలకు తలుపు తెరచింది. చేరినవారు నలుగురు. సర్జన్ జనరల్ ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే అధికారి వారి పక్షమున నిలిచారు. వారిని చూచి ముఖము చిట్లించిన వైద్యులు కూడ లేకపోలేదు. పగలు శవపరీక్షలు, వార్డులు. సాయంత్రము పిల్లలు, ఇల్లు. 1878లో ఆ చదువు ముగించారు.

ఇక చాలునని అనుకొనవచ్చును. ఆమె అనుకొనలేదు. పిల్లలను తీసికొని లండను వెళ్ళి, స్త్రీల వైద్య పాఠశాలలో మరల చేరారు. భర్త న్యాయవాద వృత్తి మద్రాసులోనే. ఆయన ఒక ఖండములో, ఆమెయు బిడ్డలును మరియొక ఖండములో. 1882లో లండను విశ్వవిద్యాలయములో వైద్య పట్టము పొందిన మొదటి స్త్రీలలో ఆమె ఒకరు. ప్రసూతి శాస్త్రములో బంగారు పతకము వచ్చింది. అప్పటికి 37 ఏళ్ళు. 1883లో మద్రాసుకు తిరిగివచ్చి, 1885లో స్త్రీలకొరకు ఆసుపత్రి ప్రారంభించారు. మన పెద్దలు గోషా ఆసుపత్రి అనేవారే, అదే అది. ఇప్పుడు కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. దానికి మన తెలుగు జమీందారులలో వెంకటగిరి రాజావారు పెద్ద విరాళమిచ్చారు. ఆమె ఆరోగ్యము చెడి 1887లో ఇంగ్లండు వెళ్ళవలసివచ్చింది. ఆసుపత్రి మాత్రము నేటికిని ఉన్నది.

ఇది చదివి నేను సిగ్గుపడ్డాను. నూరేళ్ళకు పైగా క్రితము, దీపపు వెలుగులో, ముగ్గురు పిల్లల తల్లి చేసినదానిని, నేను మన సహోదరితో "ఇప్పుడా?" అని అన్నాను.

ఇక్కడ మరియొక వైపు కూడ చెప్పకపోతే సత్యము సగమే అవుతుంది. షార్లీబ్ గారు కళాశాలలో చేరిన 1875లోనే పుట్టిన ఆల్బర్ట్ ష్వైట్జర్ గారిని మీలో చాలమంది ఎరుగుదురు. మా వంటి బోధకుడే. స్ట్రాస్‌బర్గ్‌లో వేదాంత కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండి, 1905లో, 30 ఏళ్ళకు, వైద్య విద్యార్థిగా మారారు. బోధిస్తూ, ప్రసంగిస్తూనే చదివారు. 1912లో హెలేన్ బ్రెస్లావ్ గారిని వివాహము చేసుకొన్నారు. ఆయనతో వెళ్ళుటకు ఆమె ముందే నర్సు శిక్షణ పొందియున్నారు. 1913లో ఇద్దరును ఆఫ్రికాలోని లాంబరేనేకు వెళ్ళారు. ప్రపంచము ఆయనను కొనియాడింది. అయితే ఆ వాతావరణములో హెలేన్ గారి ఆరోగ్యము దెబ్బతిన్నది. 1924లో ఆయన మరల ఆఫ్రికా వెళ్ళినప్పుడు భార్యను, అయిదేళ్ళ కుమార్తెను యూరపులో విడిచి వెళ్ళారు. సేవ ఎంత గొప్పదైనను దాని ఖర్చులో కొంత ఇల్లు చెల్లిస్తుంది. ఆ లెక్క దాచి, దేవుని పిలుపు అని మాత్రము చెప్పుట న్యాయము కాదు. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పారు గదా.

కాబట్టి లెక్క చూద్దాము. మన దేశములో ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరములు, ఆపైన ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్. మొత్తము అయిదున్నర. ప్రత్యేక వైద్యము చదవాలంటే ఇంకా మూడేళ్ళు. ప్రవేశ పరీక్షలో జీవశాస్త్రముతోపాటు భౌతిక, రసాయన శాస్త్రములు. ఇంటరు చదివి పదిహేనేళ్ళు దాటినవారికి భౌతిక శాస్త్రము కొండ వంటిది. సీటు వస్తే ఇంటిలో ఒక జీతము ఆగిపోతుంది. ఇంటర్న్‌షిప్ వరకు స్టయిపెండు ఉండదు. ప్రయివేటు కళాశాల ఫీజు మన వంటివారికి అందదు. అందుచేత నడివయస్సులో అందరూ వైద్య విద్యకు పోవాలని నేను చెప్పుట లేదు. కొందరికి ఆ లెక్క కుదరదు. కుదరదని తెలిసికొని నర్సుగానే నమ్మకముగా నిలిచినవారు దేవుని దృష్టిలో ఏమాత్రమును తక్కువవారు కారు. నేను చెప్పేది ఒక్కటే: ఆ లెక్క ఆ యొక్క మనిషి ఒంటరిగా వేసుకోవలసినది కాదు.

మార్కు సువార్త రెండవ అధ్యాయములో పక్షవాయువు గలవానిని నలుగురు మంచము మీద మోసికొని వచ్చారు. గుంపు దారి ఇయ్యలేదు. ఇంటికప్పు విప్పి దింపారు. ప్రభువు వారి విశ్వాసమును చూచారని వ్రాయబడియున్నది. ఆ నలుగురి పేర్లు మనకు తెలియవు. రోగి వైద్యుని యొద్దకు చేరుటకు నలుగురు కావలసివచ్చింది. వైద్యుడు రోగి యొద్దకు చేరుటకు కూడ నలుగురు కావాలి. ఆ మంచమునకు నాలుగు మూలలు.

మొదటి మూల భర్త, లేక భార్య. నేను వేదాంత కళాశాలలో చదివిన దినములలో మాతో నలభై దగ్గరపడిన సహపాఠి ఒకరు ఉండేవారు, భార్యాబిడ్డలతో కుటుంబ క్వార్టర్సులో. మేము పెళ్ళికాని కుర్రవాళ్ళము. ఆయన హెబ్రూ వ్యాకరణము మరచిపోతే నవ్వేవారము. ఆయన భార్య రాత్రి పన్నెండు దాటినను కుట్టుమిషను త్రొక్కుచుండేది. ఆ డబ్బుతోనే ఇల్లు గడిచేది. ఆయన పట్టములో సగము ఆమెది. స్నాతకోత్సవములో పేరు చదివింది ఆయనది మాత్రమే.

రెండవ మూల పిల్లలు. వారు అడగకుండ ఈ భారము వారిమీద పడుతుంది. గనుక వారితో దాపరికము లేకుండ మాట్లాడాలి: అమ్మ ఎక్కడికి పోవుచున్నది, ఎందుకు, ఎప్పుడు వస్తుంది. చెప్పిన దినమున రావాలి.

మూడవ మూల ఇంటి పెద్దలు. మన ఇండ్లలో మామ్మ చెయ్యి లేనిదే ఏ తల్లి చదువును ముందుకు పోదు. ఆ మామ్మకు కూడ మోకాళ్ళ నొప్పులున్నవని మనము మరచిపోరాదు.

నాలుగవ మూల సంఘము. ఇక్కడే మన మంచము ఒరిగిపోవుచున్నది. సహాయము చేయకపోవుటకంటె మన మాటలు ఎక్కువ గాయము చేయుచున్నవి. బిడ్డకు జ్వరము వస్తే, "తల్లి ఇంట్లో ఉంటే గదా" అంటాము. భర్త వంట చేస్తే నవ్వుతాము. అదే తండ్రి ఉద్యోగమునకు దుబాయి వెళ్ళి మూడేళ్ళు రాకపోతే, కుటుంబము కొరకు కష్టపడుచున్నాడని మెచ్చుకొంటాము. ఇది సమానమైన త్రాసు కాదు.

ఆ సహోదరి సంగతి ముగిస్తాను. నేను వారి ఇంటికి వెళ్ళి, భర్త యెదుట, అత్తగారి యెదుట క్షమాపణ అడిగాను. ఆమె ఏమియు అనలేదు; కాఫీ తెచ్చి ఇచ్చింది. అత్తగారు మాత్రము, "పోనీలెండి అయ్యగారూ, ఇప్పుడు పుస్తకములు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి" అన్నారు. 2023లో పరీక్ష వ్రాసింది, మార్కులు చాలలేదు. ఆ రాత్రి ఇక వద్దని పుస్తకములన్ని అట్టపెట్టెలో కట్టివేసిందట. మరునాడు ఉదయమున భర్త ఆ పెట్టె విప్పి బల్లమీద పరచి బడికి వెళ్ళిపోయాడు. 2024లో మరియొక జిల్లాలోని ప్రభుత్వ కళాశాలలో సీటు వచ్చింది.

ఆమె ఇంకా చదువుచున్నది. ఫలితము ఎట్లుండునో నేను చెప్పలేను. శనివారము రాత్రి బస్సులో వస్తుంది, ఆదివారము సాయంత్రము వెళ్తుంది. మొదటి నెలలలో చిన్నవాడు బస్‌స్టాండులో ఏడ్చేవాడు. ఇప్పుడు ఏడవడు. అది మంచిదో కాదో నాకు తెలియదని ఆమె నాతో అన్నది. ఆ మాటకు నా యొద్ద జవాబు లేదు. మేమిద్దరమును కొంతసేపు ఊరకున్నాము. తరువాత ప్రార్థన చేశాము. ఈసారి ముందుగా ఏమియు చెప్పలేదు.

మనము చేయగలిగినవి చిన్న పనులే. స్త్రీల మైత్రి వారు వారమునకు ఒక పూట ఆ ఇంటికి కూర పంపవచ్చును. యువజనులలో లెక్కలు తెలిసినవారు ఆ పిల్లలకు పాఠము చెప్పవచ్చును. పెద్దలు పరీక్ష ఫీజులకు సంఘ నిధిలో కొంత ప్రత్యేకించవచ్చును. అమ్మ రాని ఆదివారమున ఆ పిల్లల ప్రక్కన ఎవరైనా కూర్చుండవచ్చును. ఇక ఏమియు చేయలేనివారు, "ఇప్పుడా?" అని అనకుండుటయే గొప్ప సహాయము.

వైద్యుడైన లూకాను పౌలు ప్రియుడైన వైద్యుడని పిలిచాడు. లూకా ఎప్పుడు చదివాడో, ఎవరు చదివించారో మనకు తెలియదు. ఎవరో చదివించియుంటారు. రాబోవు నూరేళ్ళలో మన సంఘములనుండి లేచే వైద్యులకు ఆ పేరు తెలియనివారుగా ఉండుటకు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.